రైలింజన్ల రంగులు: ఫోటో చూసి పెయింటు డబ్బా తెరవకండి

నాకొచ్చే ఫోన్లలో సగానికి సగం ఒకటే ప్రశ్న. "మాస్టారూ, డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను అసలు రంగు ఏది? వాట్సాప్‌లో ఫోటో పెట్టాను, షేడ్ నంబరు చెప్పండి చాలు." అడిగేవాళ్లలో మోడళ్లు చేసుకునే కుర్రాళ్లు ఉంటారు. కాలేజీ గేటు దగ్గరో పార్కులోనో నిలబెట్టిన పాత ఇంజనుకు రంగు వేయించే పని నెత్తిన పడ్డవాళ్లు ఉంటారు. రిటైరైన నాన్నగారికి ఆయన నడిపిన బండి బొమ్మ చేయించి ఇద్దామనుకునే పిల్లలు ఉంటారు. అందరికీ అదే టెన్షన్, తప్పు రంగు వేసేస్తామేమోనని. ఆ భయం నాకు అర్థమవుతుంది. వాళ్లను ఆ భయంలోకి నెట్టే పుకార్ల మీదే నాకు కోపం.

నేను విశాఖలో లోకో షెడ్డు పెయింట్ సెక్షన్‌లో పని నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు మోడళ్లకూ, నిలబెట్టిన ఇంజన్లకూ రంగులు వేస్తున్నాను. రోజూ వినే అపోహలు చాలానే ఉన్నాయి కానీ అన్నిటికంటే ఎక్కువ డబ్బు తగలేసేది, ఎక్కువమందిని బాధపెట్టేది ఒకటుంది. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: ప్రతి క్లాసు (రకం) ఇంజనుకూ ఒక "అసలు రంగు" ఉంటుంది, పాత ఫోటో దొరికితే అది తెలిసిపోతుంది

ఇందులో రెండు తప్పులున్నాయి.

మొదటిది, రంగు క్లాసుకు ఉండదు. మన దేశంలో దశాబ్దాల పాటు డీజిల్, ఎలక్ట్రిక్ లోకోల రంగులు ఎక్కువగా షెడ్డు ఇష్టప్రకారమే నడిచాయి. ఫ్యాక్టరీ నుంచి ఒక రంగులో వచ్చిన ఇంజను, షెడ్డుకు చేరాక ఆ షెడ్డు రంగు వేసుకునేది. పీవోహెచ్‌కి, అంటే కొన్నేళ్లకోసారి చేసే పూర్తి రిపేరుకు, వెళ్లొచ్చాక మళ్లీ మారేది. ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు బదిలీ అయితే మూడో రంగు. డబ్ల్యూడీఎం-2నే తీసుకోండి. అమెరికా కంపెనీ ఆల్కో డిజైన్, 2,600 హార్స్ పవర్. 1962లో అమెరికా నుంచి రావడం మొదలైంది. 1964 నుంచి వారణాసిలో తయారై, మూడు దశాబ్దాలకు పైగా ఫ్యాక్టరీ నుంచి బయటికొస్తూనే ఉండేది. దేశంలో పెద్ద డీజిల్ షెడ్లలో అది లేని షెడ్డు వెతకడం ఒకప్పుడు కష్టంగా ఉండేది. అలాంటి ఇంజనుకు "అసలు రంగు ఏది" అని అడిగితే నేనేం చెప్పను? ఏ నంబరు బండి, ఏ షెడ్డులో ఉండగా, ఏ సంవత్సరంలో? ఈ మూడూ చెబితే మాట్లాడుకోవచ్చు.

ఇది మన రైల్వేకే ఉన్న గందరగోళం కాదు. ఇంగ్లండ్‌లో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అని అందరికీ తెలిసిన ఆవిరి ఇంజను ఉంది. 1923లో తయారైంది. ఎల్ఎన్ఈఆర్ అనే రైల్వే కంపెనీ రోజుల్లో లేత యాపిల్ ఆకుపచ్చ. రెండో ప్రపంచ యుద్ధంలో నలుపు. రైల్వేలు జాతీయమయ్యాక బ్రిటిష్ రైల్వేస్ ముదురు ఆకుపచ్చ. 2016లో పెద్ద రిపేరు తర్వాత మళ్లీ పట్టాలెక్కినప్పుడు చాలామంది పాత యాపిల్ ఆకుపచ్చే కావాలన్నారు. కానీ ముదురు ఆకుపచ్చ వేశారు, 60103 అనే జాతీయకరణ తర్వాతి నంబరే రాశారు. ఎందుకంటే ఆ ఇంజనుకు ఇప్పుడున్న జంట పొగగొట్టం, ముందు రెండు పక్కలా నిలబడే పొగ మళ్లించే రేకులు 1950ల చివర, 1960ల మొదట్లో వచ్చినవి. ఆ శరీరం మీద 1920ల రంగు వేస్తే కుదరదు, అలాంటి ఇంజను ఆ కాలంలో ఎప్పుడూ నడవలేదు. ఏ శరీరానికి ఆ కాలపు రంగు. నేను మోడలర్లకు పదే పదే చెప్పేది ఇదే. మీ చేతిలో ఉన్న మోడల్‌కు హెడ్‌లైటు ఎక్కడుంది, క్యాబ్ కిటికీలు ఎలా ఉన్నాయి, గ్రిల్లులు ఎన్ని, అది చూసి కాలం తేల్చుకోండి. రంగు ఆ తర్వాత.

రెండో తప్పు ఫోటోది. బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో నల్లగా కనబడ్డదంతా నలుపు కాదు. పాతకాలం ఫిల్ముల్లో ఆర్థోక్రోమాటిక్ రకం ఎక్కువ. దానికి ఎరుపు వెలుగు పట్టదు. అందుకని ఎర్ర ఇంజను ఫోటోలో దాదాపు నల్లగా పడుతుంది, నీలం వెలిసిపోయి తెల్లబారినట్టు పడుతుంది. ఇంగ్లండ్‌లోని మిడ్‌లాండ్ రైల్వే ఇంజన్లు 1880ల నుంచి ముదురు ఎరుపు. ఆ కాలం ఫోటోల్లో చూస్తే బొగ్గులా ఉంటాయి.

ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామందికి తెలియదు. బ్రిటిష్ ఫ్యాక్టరీలు కొత్త ఇంజను తయారుచేసినప్పుడు అధికారిక ఫోటో కోసమని చాలాసార్లు దానికి మెరుపు లేని బూడిద రంగు వేసేవి, వివరాలు స్పష్టంగా పడతాయని. ఫోటో తీశాక దాన్ని మార్చి కంపెనీ రంగు వేసి పంపేవి. ఒకప్పుడు వాల్తేరు దాకా బండ్లు నడిపిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకు గారట్ రకం ఆవిరి ఇంజన్లు మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. అలాంటి ఫ్యాక్టరీ ఫోటో ఒకటి ఫోన్‌లో పెట్టుకుని, "మాస్టారూ, ఇది బూడిద రంగు ఇంజనే, చూడండి ఎంత క్లియర్‌గా ఉందో" అని నాతో వాదించినవాళ్లున్నారు. క్లియర్‌గా ఉండటానికే ఆ బూడిద రంగు వేశారు, బాబూ. ఆ రంగులో అది ఒక్క కిలోమీటరు కూడా బండి లాగి ఉండదు.

కలర్ ఫోటో అయితే ఫర్వాలేదా? లేదు. 1970లు, 80ల నాటి ప్రింట్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబారిపోతాయి. ఫోన్ స్క్రీన్ ఒక్కొక్కటి ఒక్కో రంగు చూపిస్తుంది. ఇప్పుడు కొత్తగా పాత ఫోటోలకు కంప్యూటరే రంగులు పూసి వదులుతోంది. అది ఊహించిన రంగు, చూసిన రంగు కాదు. ఆ ఫోటోలు పట్టుకుని రంగు కలపమంటే నేను కలపను, ఎంత డబ్బిస్తానన్నా సరే.

మన విశాఖ బండ్ల విషయంలో మరో మోసం ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస-కిరండూల్ లైను మీద తిరిగే ఇంజన్లకు ఆ ఎర్రధూళి పట్టేస్తుంది. దానికి తోడు బ్రేకు బ్లాకుల నుంచి రాలే ఇనుప రజను. వాన పడి ఆరాక కిందిభాగమంతా తుప్పు రంగు తిరుగుతుంది. షెడ్డులో కడిగే ముందు గుడ్డ పెట్టి ఒక చోట తుడిస్తే, చుట్టూ గోధుమ రంగు, మధ్యలో అరచేయంత మేర కింది రంగు మెరుస్తూ బయటపడుతుంది. నేను దాన్ని కళ్లారా ఎన్నోసార్లు చూశాను. ఫోటో చూసినవాళ్లు ఆ ధూళినే రంగు అనుకుని గోధుమ పెయింటు కొంటారు. ఆ లైను కొండ ఎక్కుడు కోసమే 1980ల చివర్లో స్వీడన్, జపాన్‌ల నుంచి తెప్పించిన డబ్ల్యూఏజీ-6 ఎలక్ట్రిక్ ఇంజన్లు మూడు రకాలుండేవి. వాటి ఫోటోలు తక్కువ, ఉన్నవాటిలోనూ ధూళి. వాటి రంగు అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది, కడిగిన బండి ఫోటో ఉంటేనే పంపమని.

ఈ అపోహ ఎవరికి ఎంత నష్టం చేస్తుందో ఒక్కటి చెబుతాను. ఆమధ్య కంచరపాలెం నుంచి ఒకబ్బాయి వచ్చాడు. వాళ్ల నాన్నగారు డీజిల్ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. షష్టిపూర్తికి ఆయన బండి మోడల్ ఇద్దామని, ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటో పంపి ఆన్‌లైన్‌లో ఒకచోట చేయించాడు. మోడల్ చక్కగా ఉంది, పనితనానికి వంక పెట్టలేం. నాన్నగారు దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది నాన్నా. కానీ ఇది మన షెడ్డు బండి కాదు" అన్నారట. ఆ అబ్బాయి జీతంలో పెద్ద మొత్తమే పెట్టాడు. నా దగ్గర కూర్చుని అది చెబుతుంటే గొంతు పట్టేసింది.

వాళ్లింటికి వెళ్లాను. పెద్దాయన్ని "మీ బండి ఏ రంగు సార్?" అని అడగలేదు. అలా అడిగితే మనిషి జ్ఞాపకంలో నాలుగు బండ్లు కలిసిపోతాయి. "నంబరు గుర్తుందా, ఏ ఏడాది ఎక్కువ ఆ బండి మీద తిరిగారు, కిటికీ పక్కన చెయ్యి పెట్టే చోట ఏముండేది" అని అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. మోచెయ్యి ఆన్చే చోట రంగు అరిగి కింద ప్రైమర్ కనబడేదని, రంగు పట్టీ ఇంజను ముక్కు మీద కోసుగా దిగకుండా తిన్నగా చుట్టూ తిరిగేదని, చెయ్యి పట్టుకునే కడ్డీలు తెల్లగా ఉండేవని గడగడా చెప్పేశారు. అమ్మగారు లోపలి నుంచి ఆల్బమ్ తెచ్చారు. దసరా ఆయుధపూజ నాడు షెడ్డులో అరటిపిలకలు, బంతిపూల దండలు కట్టిన ఇంజను ముందు నిలబడి తీయించుకున్న ఫోటో అది. దండల మధ్య నంబరులో చివరి మూడంకెలు కనబడుతున్నాయి. ఫోటో ఎర్రబారింది, కాబట్టి దాంట్లోంచి షేడ్ తీసుకోలేదు. పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, రాతలు ఏ పక్కన ఉన్నాయో మాత్రం తీసుకున్నాను. షేడ్ కోసం అదే కాలంలో మా సెక్షన్‌లో పనిచేసిన పెద్దవాళ్లను అడిగి, షేడ్ కార్డు (రంగుల నమూనా కార్డు) మీద వేలు పెట్టించాను. ఆ మోడల్ మళ్లీ రంగు వేయించుకుని వెళ్లింది. ముందే ఈ పని చేసి ఉంటే ఆ అబ్బాయికి సగం ఖర్చు మిగిలేది.

రాతలు అన్నాను కదా, అవి కాలాన్ని పట్టించే గట్టి ఆధారం. మన వాల్తేరు డివిజన్ 2003 దాకా సౌత్ ఈస్టర్న్ రైల్వేలో ఉండేది. ఆ ఏడాది ఈస్ట్ కోస్ట్ రైల్వేలోకి వచ్చింది. కాబట్టి 1980ల విశాఖ బండి అంటూ చేసిన మోడల్ మీద ఈస్ట్ కోస్ట్ అక్షరాలు ఉన్నాయంటే, రంగు ఎంత బాగున్నా అది తప్పే. అలాగే ఫోటోలో జోన్ అక్షరాలు కనబడితే, అది 2003కి ముందుదో తర్వాతదో అక్కడే తేలిపోతుంది.

నిలబెట్టిన ఇంజనుకైతే ఫోటోల అవసరమే తక్కువ, చరిత్రంతా దాని ఒంటి మీదే ఉంటుంది. క్యాబ్ లోపలి మూలో, నంబరు ప్లేటు వెనకో, ఎండా వానా తగలని చోటు చూసుకోండి. వాటర్ పేపర్‌ను నీళ్లలో తడిపి, రూపాయి బిళ్లంత చోట మెల్లగా గుండ్రంగా రుద్దండి. మధ్యలో లోతుగా, అంచుల వైపు తేలిగ్గా. ఒక్కో కోటు ఒక్కో వలయంగా బయటికొస్తుంది. పైన ఈమధ్య వేసిన అల్యూమినియం పెయింటు, దాని కింద ఎనామెల్ నలుపు, దాని కింద ఇంకో రంగు, లప్పం, ప్రైమర్, చివరికి ఇనుము. దాన్ని పగటి వెలుగులో ఫోటో తీసి, షేడ్ కార్డు పక్కన పెట్టి పోల్చండి. ట్యూబ్‌లైటు కింద పోల్చొద్దు. అక్కడ ఒకేలా కనబడ్డ రెండు రంగులు ఎండలోకి వస్తే విడిపోతాయి. షేడ్ దొరికాక దానికి నంబరు రాసుకోండి. మన దేశ ప్రమాణాల రంగుల పట్టిక ఐఎస్-5లో 537 అంటే సిగ్నల్ రెడ్, ఏ ఊళ్లో అడిగినా అదే. "కాస్త ముదురు ఎరుపు" అని రాసుకుంటే పదేళ్ల తర్వాత అది ఎవరికీ పనికిరాదు.

కమిటీల వాళ్లు ఇక్కడే ఘోరం చేస్తారు. ప్రారంభోత్సవం తేదీ ముంచుకొస్తోందని గ్రైండర్ పెట్టి మొత్తం గీకించేసి, నలుపు కొట్టించేస్తారు. ఆ తర్వాత ఎవరో పెద్దాయన వచ్చి ఇది నలుపు కాదయ్యా అంటే, నా దగ్గరికి వస్తారు. గీకేసిన పొరల్ని నేనెక్కడి నుంచి తేను?

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: ఆవిరి ఇంజన్లన్నీ నల్లవే

కాదు. గ్రేట్ వెస్టర్న్ ఆకుపచ్చ, కాలెడోనియన్ నీలం, మిడ్‌లాండ్ ఎరుపు. కట్టెలతో నడిచిన రోజుల్లో అమెరికన్ ఇంజన్లు ఎర్ర చక్రాలు, మెరిసే ఇత్తడితో తిరిగాయి. బొగ్గు మసి, ఖర్చు, తర్వాత యుద్ధం, ఈ మూడూ కలిసి నలుపును పెంచాయి. మన డబ్ల్యూపీ ఇంజన్లు 1947 నుంచి వచ్చాయి, కోసు ముక్కు మీద నక్షత్రంతో. ఆ ముక్కును అలంకరించడంలో షెడ్లు ఒకదాంతో ఒకటి పోటీ పడేవి.

అపోహ: తెల్ల ఇంజనుకు పవర్ ఎక్కువ, ఆకుపచ్చది గూడ్సుకు కాబట్టి తక్కువ

తెలుపు మీద ఎర్ర పట్టీతో అందరికీ అలవాటైన డబ్ల్యూఏపీ-7, ఆకుపచ్చ డబ్ల్యూఏజీ-9, రెండూ ఒకే కుటుంబం. రెండూ 6,000 హార్స్ పవర్ పైనే. డబ్ల్యూఏజీ-9కే గేరు నిష్పత్తి మార్చి ప్యాసింజరు బండ్ల వేగానికి తయారుచేసింది డబ్ల్యూఏపీ-7. పవర్ తెలియాలంటే రంగు కాదు, క్లాసు పేరు చూడండి.

అపోహ: బోగీల రంగు ఏదైనా మోడల్‌కు ఫర్వాలేదు

ఫర్వా ఉంది. ఇటుక ఎరుపు బోగీలు నీలమైంది 1990లలో, వాక్యూమ్ బ్రేకు పోయి ఎయిర్ బ్రేకు వస్తున్న కాలంలో. ఎయిర్ బ్రేకు బోగీని చూడగానే గుర్తుపట్టడానికి ఆ నీలం పనికొచ్చింది. 1970ల నాటి ఆవిరి ఇంజను వెనక నీలం బోగీలు తగిలించి ఫోటో పెట్టేవాళ్లను చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: ముందువైపు పసుపు, చారలు అందం కోసం

పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్‌కు దూరం నుంచే కనబడాలి కదా. ఆవిరి ఇంజనుకు పొగ, చప్పుడు ఉండేవి. డీజిల్, ఎలక్ట్రిక్ నిశ్శబ్దంగా మీదికొచ్చేస్తాయి. బ్రిటన్‌లో 1960లలో ముందుభాగానికి పసుపు తప్పనిసరి చేసింది అందుకే. మన షంటింగ్ ఇంజన్ల మీద చారలూ అలాంటివే.

అపోహ: షెడ్డు పెయింటే తెచ్చి మోడల్‌కు వేస్తే పర్ఫెక్ట్

పొర మందమై రివెట్లు మునిగిపోతాయి. పైగా చిన్న వస్తువు మీద అదే రంగు ముదురుగా కనబడుతుంది. మోడల్‌కు కొంచెం తెలుపు కలిపి తేలిక చేయాలి, ఎయిర్ బ్రష్‌తో పల్చగా కొట్టాలి.

అపోహ: సముద్రం పక్కన కాబట్టి డబుల్ కోటు వేస్తే తుప్పు రాదు

ఉప్పు మీద పది కోట్లు వేసినా బుడగలు లేస్తాయి. విశాఖలో బయట నిలబడ్డ ఇంజనుకు ప్రైమర్ ముట్టించే ముందు మంచినీళ్లతో బాగా కడగాలి, ఆరనివ్వాలి. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆ రోజు పని ఆపేయాలి. ఇనుము వేడి, మంచు పట్టే ఉష్ణోగ్రతకన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. తెల్లవారుజామున చల్లగా ఉంటుందని పని మొదలుపెట్టించే కాంట్రాక్టర్లకు ఇది చెప్పి చెప్పి అలిసిపోయాను. అప్పుడే ఇనుము మీద కంటికి ఆనని తడి ఉంటుంది.

అపోహ: కొత్త జోన్ వచ్చింది కాబట్టి విశాఖ ఇంజన్ల రంగులన్నీ మారిపోతాయి

2019లో సౌత్ కోస్ట్ రైల్వే ప్రకటించినప్పటి నుంచి వింటున్నాను ఈ మాట. జోన్ మారితే మారాల్సింది జోన్ అక్షరాలు. దాని కోసం బండి బండికీ ఒళ్లంతా రంగు మార్చనక్కర్లేదు. పాత రంగు మోడళ్లు అమ్మేసుకుంటున్న కుర్రాళ్లు తొందరపడకండి.

అపోహ: పాత రంగు గీకడం ఎవరైనా చేసే పని

ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పాత ఇంజన్ల కింది పొరల్లో సీసం ఉన్న ప్రైమర్ ఉండొచ్చు. సింధూరంలా ఎర్రగా కనబడే పొర బయటపడిందంటే అక్కడ ఆగండి. పొడిగా గ్రైండర్ పెట్టొద్దు. తడిపి గీకండి, సరైన ఫిల్టర్ మాస్కు వాడండి, ముక్కుకు రుమాలు కడితే చాలదు. కింద టార్పాలిన్ పరిచి రాలిన పొడినంతా ఎత్తేయండి, ఊడ్చి గాల్లోకి లేపొద్దు. స్కూలు ఆవరణలో అయితే సెలవుల్లోనే పెట్టుకోండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. పని బట్టలు ఇంటికి తీసుకెళ్లి మిగతావాటితో కలిపి ఉతకొద్దని కూలీలకు కూడా చెప్పండి, వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.